సొట్టపోయిన లోటాలు

మా ఇంట్లో స్టీలు లోటాలన్నిటికీ సొట్టలే. ఇద్దరు చుట్టాలొస్తే మంచి లోటా ఒకరికే దక్కుతుంది, రెండోవాళ్లు సొట్టదాంట్లో తాగాల్సిందే అని నేను హాస్యానికి అంటుండేదాన్ని. ఆ సొట్టలన్నీ నా మనుమరాలి చేతి పని. పొద్దున లేచి కాఫీ అందుకుంటే చాలు, చేయి ఒక్కసారి ఎగిరినట్టయ్యేది, లోటా పోయి గచ్చు మీద పడేది. అప్పటికి దానికి పదమూడేళ్లు. ఆ వయసు పిల్లలకు ఒళ్లు ఒకచోట, మనసు ఒకచోట ఉంటుందని చుట్టుపక్కల అందరూ అన్నారు. నా కూతురు, అంటే ఆ పిల్ల తల్లి, ఒళ్లు దగ్గర పెట్టుకొమ్మని రోజూ చెప్పేది. పాప రోజూ తల ఊపేది. మరునాడు మళ్లీ ఠంగుమని మోత. కాఫీ తుడిచేది మాత్రం నేను.

మేముండేది కోలారు బంగారు గనుల పక్కన చాంపియన్ రీఫ్స్‌లో, గని కూలీల కోసం గోడకు గోడ ఆనించి కట్టిన పాత ఇళ్ల వరసలో. లైన్లు అంటాం. మా తాత చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారం తవ్వడానికి వచ్చినవాడు. మేము అప్ప అని పిలిచే మా నాయన, నా భర్త, అందరూ గని మనుషులే. గని మూతపడి చాలా కాలమైంది. ఇప్పుడు ఊళ్లో సగం మంది తెల్లవారకముందే రైలెక్కి బంగారుపేట మీదుగా బెంగళూరు పోతారు, చీకటి పడినాక తిరిగొస్తారు. నా కూతురూ అంతే. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. అల్లుడు గుండె జబ్బుతో పోయినాక మా ముగ్గురికీ ఆ జీతమే ఆధారం.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. పనికి పోయే మనిషిని నిద్రపోతూ సాగనంపకూడదు. గని రోజుల్లో మా అమ్మ పెట్టిన నియమం అది. లోపలికి దిగిన మనిషి పైకి వస్తాడో రాడో చెప్పలేం. అందుకని మా అప్ప ఏ షిఫ్టుకు బయల్దేరినా అమ్మ మమ్మల్నందరినీ లేపి గుమ్మం దగ్గర నిలబెట్టేది. కళ్లు నులుముకుంటూ మేము "పోయిరా అప్పా" అనాలి, ఆయన మా మొహాలు చూసుకుని పోవాలి. ఒక్క పూట తప్పినా అమ్మ ఆ రోజంతా అన్నం ముట్టేది కాదు. పెళ్లయినాక నేనూ అదే చేశాను. గని పోయి రైలొచ్చినా నియమం మాత్రం మారలేదు. నా కూతురు నాలుగింటికి లేస్తే ఇల్లంతా నాలుగింటికే లేచేది. పాపను ఎవరూ లేపనక్కర లేదు, తనే లేచి కూర్చునేది. వాళ్ల నాయన పోయినప్పటి నుంచీ అమ్మ గడప దాటేది కళ్లతో చూడకపోతే దానికి బళ్లో మనసు నిలిచేది కాదు.

ఆ ఎండాకాలం బేతమంగళలో మా చెల్లెలి కూతురి పెళ్లి జరిగింది. పిల్లలంతా ఒకచోట చేరితే నిద్ర ఎక్కడుంటుంది? మూడు రోజులు పాప సరిగ్గా కన్ను మూసినట్టు లేదు. బస్సెక్కి ఇంటికొచ్చిన మరునాడు మామూలుగా నాలుగింటికే లేచింది. వాళ్లమ్మ సంచి భుజాన వేసుకుని మెట్టు దిగుతుంటే "పోయిరామ్మా" అనబోయింది. మాట పూర్తి కాలేదు. చేతులు రెండూ ఎగిరినాయి, మళ్లీ ఎగిరినాయి, పిల్ల నిలుచున్నపాటున వెనక్కి పడింది. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. కళ్లు పైకి పోయినాయి. నేను ఇంత వయసు బతికి ఎన్నో చావులు చూసినదాన్ని, ఆ క్షణాన గట్టిగా కేక పెట్టేశాను.

లైన్లో గోడలు పలుచన. కేక వినిపించేసరికి నాలుగిళ్ల వాళ్లు వచ్చేశారు. ఒకరు బీగం చెవుల గుత్తి తెచ్చి పాప చేతిలో కుక్కినారు. ఒకరు ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టినారు. ఇంకొకామె పళ్ల మధ్య చెంచా దూర్చబోతే నా కూతురు ఆమె చేయి తోసేసింది. అందరిదీ మంచి మనసే, కాదనను. కానీ ఇనుము పట్టుకుంటే ఫిట్సు పోయేటట్టయితే మా ఊళ్లో ఇన్ని తరాలు ఇనుముతో బతికిన వాళ్లకు ఎవరికీ ఏ జబ్బూ రాకూడదు. కొంచెం సేపటికి కొట్టుకోవడం దానంతటదే ఆగింది. పాప గురక పెడుతూ నిద్రలోకి జారింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయేసరికి లేచి, మేమంతా ఎందుకు ఏడుస్తున్నామని అడిగింది.

ఇంక సలహాలు. అమావాస్య లెక్క చూడమని ఒకరు, తాయెత్తు కట్టించమని ఒకరు. కణతకు వాత పెడితే మళ్లీ రాదని ఒక పెద్దావిడ చెప్పింది. ఆ మాట అన్నప్పుడు మాత్రం నాకు మండింది. ముందు నీ కణతకు పెట్టుకుని చూడు తల్లీ, బాగుంటే మేమూ వస్తాం అన్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు, నాకేం లోటు లేదు. ఆసుపత్రిలో చూసిన డాక్టరు మాత్రం కోలారుకు చీటీ రాసి ఇచ్చాడు. అక్కడ పిల్లల నరాల జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందట.

డాక్టరమ్మ ముందు పాపను పరీక్ష చేస్తుందనుకున్నాను. ఆమె ముందు మమ్మల్ని పరీక్ష చేసింది. పడినప్పుడు మొదట ఏం జరిగింది, ఒక పక్క కొట్టుకుందా రెండు పక్కలా, తల ఎటు తిరిగింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, అన్నీ అడిగింది. తర్వాత మామూలుగా, కూరగాయల ధర అడిగినట్టు, పాపనే ఒక మాట అడిగింది.

"పొద్దున లేచినాక చేతులు ఒక్కసారి ఎగిరినట్టు అవుతాయా పాపా? చేతిలో ఉండేది జారి పడిపోతాదా?"

నా కూతురు నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. ఇంట్లో ఉన్న సొట్టలన్నీ నా కళ్ల ముందు వరసగా నిలబడినాయి. ఏడాదిగా ఆ జబ్బు రోజూ పొద్దున్నే గచ్చు మీద మోగుతూనే ఉంది. లోటాల సంగతి చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. ఇలాంటి పిల్లలు తన దగ్గరికి చాలామంది వస్తారనీ, దువ్వెన జారిందనీ, టూత్‌బ్రష్ ఎగిరిపోయిందనీ చెబుతారనీ అంది. అవి కూడా ఫిట్సేననీ, చిన్నవనీ, పెద్దది వచ్చేదాకా ఇళ్లల్లో ఎవరూ వాటిని లెక్కలోకి తీసుకోరనీ వివరంగా చెప్పింది.

తర్వాత తలకు జిగురుతో తీగలు అంటించి పరీక్ష చేశారు. కళ్ల ముందు లైటు మినుకు మినుకుమనిపించినారు, గట్టిగా ఊపిరి తీసి వదలమన్నారు. పాప తల నుంచి కాయితం మీదికి గీతలు పాకుతూ వచ్చినాయి. డాక్టరమ్మ అనుకున్నదే తేలింది. మెదడు పని చేసేది ఒకరకమైన కరెంటుతోనట, ఒక్కోసారి అది అదుపు తప్పుతుందట. పిల్ల తప్పు లేదు, మా తప్పు లేదు, ఎవరి దిష్టీ లేదు. పెరిగే వయసులో మొదలయ్యే రకం ఇది, చాలా ఏళ్లు మాత్ర వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానకూడదు, మాత్రకు బాగా లొంగుతుంది అని చెప్పింది. మళ్లీ పెద్దది వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. గడియారం చూడాలి, అయిదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ వెంటనే వచ్చినా ఆసుపత్రికి తేవాలి. వీలైతే ఫోన్లో వీడియో తీయాలి. కన్నబిడ్డ కొట్టుకుంటుంటే వీడియో ఎలా తీస్తారని నేను అడిగాను. తీస్తే నాకు పని సులువవుతుందవ్వా అంది.

చివరికి నిద్ర గురించి అడిగింది. ఎన్నింటికి పడుకుంటుంది, ఎన్నింటికి లేస్తుంది. నాలుగింటికి అని చెప్పగానే రాస్తున్న పెన్ను ఆగింది. ఈ జబ్బుకు నిద్ర చాలకపోవడమే పెద్ద శత్రువు అంది. పిల్ల అంత పొద్దున్నే ఎందుకు లేస్తుందని అడిగింది. నా కూతురు మా నియమం గురించి చెప్పింది. డాక్టరమ్మ విని, మంచి నియమమే, కానీ ఈ పిల్ల తెల్లారేదాకా నిద్రపోవాలి, సాగనంపేది ముందు రోజు రాత్రే చేసుకోండి అంది.

చెప్పినంత సులువు కాలేదు. మా అమ్మ ఉంటే నన్ను ఇంట్లోంచి తరిమేసేది. నా కూతురు చెప్పులు చేత పట్టుకుని, గిన్నె చప్పుడు కాకుండా అన్నం సర్దుకుని, పిల్లి మాదిరి బయటికి పోయేది. గుమ్మం దగ్గర నేనొక్కదాన్నే నిలబడేదాన్ని. మొదటి వారం రైల్లో కూర్చున్నాక నాకు ఫోన్ చేసి, పాప నిద్రపోతోందా అని అడిగేది. పోతోంది అంటే ముక్కు చీదుకుంటూ ఫోన్ పెట్టేసేది. నాకూ ఏడుపొచ్చేది. ప్రేమతో పెట్టుకున్న నియమమే పిల్లకు పడకపోతే ఎవరిని తిట్టాలి? తిట్టడానికి ఎవరూ లేకపోతే నాకు ఊపిరాడదు.

మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో ఇంకో వింత. నోట్లో నాలుక లేదనుకునే పిల్లకు ముక్కు మీద కోపం వచ్చి కూర్చుంది. పప్పులో ఉప్పు తక్కువైందని కంచం విసిరింది. ఇంట్లో ఆ పదవి అంతవరకూ నాది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే, ఆ మాత్రకు కొందరు పిల్లలకు ఇలా అవుతుంది, ఆపేయొద్దు, నన్ను చూడనీయండి అని, మోతాదు కొంచెం తగ్గించి నెమ్మదిగా పెంచింది. కోపం కొన్నాళ్లకు సర్దుకుంది. స్నానాల గదికి గడియ పెట్టుకోకూడదన్నారు కాబట్టి పాప స్నానం చేసినంతసేపూ నేను బయట కూర్చునేదాన్ని, అది లోపల ఎక్కాలు చదవాలి. ఎక్కం ఆగితే నేను లోపలికి పోతాననేది ఒప్పందం. పదిహేడో ఎక్కం దగ్గర రోజూ ఆగేది, అది జబ్బు వల్ల కాదని నాకు త్వరగానే అర్థమైంది.

బళ్లో చెప్పొద్దని లైన్లో కొందరన్నారు. నా కూతురు వినలేదు. హెడ్‌మిస్ట్రెస్‌ను కలిసి, పడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పి వచ్చింది. రేపు పెళ్లి కాదేమోనని ఒకామె నిట్టూర్చితే, పిల్ల ముందు ప్రాణంతో ఉంటే పెళ్లి సంగతి తర్వాత చూసుకుందామని చెప్పి పంపించాను.

కొన్ని నెలలు బాగా గడిచినాయి. లోటాలు పడటం మానేశాయి. అంతలో పాపకు జ్వరం, వాంతులు. మింగిన మాత్రలు కడుపులో నిలవలేదు. ఒక పొద్దున లేచీ లేవగానే మళ్లీ పడింది. ఈసారి నేను దాన్ని పక్కకు తిప్పి గడియారం చూశాను. తొందరగానే తేరుకుంది. నా కూతురు సగం దారిలో రైలు దిగి వెనక్కి వచ్చేసింది.

ఆ సాయంత్రం వంటింట్లో అది నాతో అన్న మాట ఒకటే. "ఇంగొక తూరి వచ్చిందంటే నేను పని మానేస్తానమ్మా. బిడ్డను ఇట్ల వదిలిపెట్టి రైలెక్కలేను." మానేస్తే అన్నం ఎక్కడిదని నేను అడగలేదు. దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ముందే చెప్పాను, మా లైన్లో గోడలు పలుచన.

తర్వాత నుంచి పాప బాగా కుదురుగా అయిపోయింది. చెప్పక ముందే మాత్ర వేసుకునేది. పొద్దున కాఫీ ఇస్తే, వేడిగా ఉండాది, కింద పెట్టవ్వా, చల్లారినాక తాగుతాను అనేది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని గోడకానుకుని కూర్చునేది. అంతకు ముందు నన్ను తల ముట్టనిచ్చేది కాదు, నేను దువ్వితే పాతకాలంగా ఉంటుందట. ఇప్పుడు తనే దువ్వెన తెచ్చి, జడ వేయవ్వా అని నా ముందు కూర్చునేది. నేను పొంగిపోయాను. పెద్దదవుతోంది, అవ్వ విలువ తెలుస్తోంది అనుకున్నాను. ఆ సంగతి పక్కింటావిడకు కూడా చెప్పుకున్నాను.

ఒక రోజు జడ అల్లుతుంటే నా చేతి కింద దాని భుజం ఎగిరింది. కొంచెం సేపటికి మళ్లీ ఎగిరింది. పాయలు నా చేతిలోంచి జారిపోయినాయి. పాప వెనక్కి తిరగలేదు. తిరగకపోవడమే నాకు అన్నీ చెప్పింది. ఎన్నాళ్ల నుంచి అని అడిగాను. జ్వరమప్పటి నుంచీ అంది. రోజూనా అంటే, రాని రోజులు తక్కువంది.

"అమ్మకు చెప్పొద్దవ్వా. చెప్తే పని మానేస్తుంది. అప్పుడు మనం ఏం తినేది?"

పద్నాలుగేళ్ల పిల్లకు రావాల్సిన దిగులు కాదది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. దగ్గరికి తీసుకుని జడ మొత్తం విప్పి మళ్లీ మొదటి నుంచి అల్లాను, ఏదో ఒకటి చేస్తూ ఉండాలి కదా. దాచుకుంటే డాక్టరమ్మకు జబ్బు తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది, మాత్ర చాలుతోందో లేదో ఎవరు చెప్పాలి అని నచ్చజెప్పబోయాను. మళ్లీ పెద్దది వచ్చి, పొయ్యి దగ్గరో రోడ్డు మీదో పడితే మాకు మిగిలేదేమిటి అన్నాను. అది చేతులు మళ్లీ తొడల కింద పెట్టేసుకుంది. మాట ఇవ్వమని అడిగింది. నేను ఇవ్వలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని దానికీ తెలుసు.

ఆదివారం పాప బయటికి పోయినప్పుడు నా కూతురికి చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ చాలాసేపు కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది. ఆ రోజు వంటింట్లో తనన్న మాట విని బిడ్డ ఇట్ల చేసిందా అని మాత్రం అడిగింది. అవునన్నాను. పాపను ఇప్పుడే ఏమీ అడగొద్దు, డాక్టరమ్మ దగ్గరికి పోదాం అంది.

ఆ వారంలోనే సెలవు పెట్టి కోలారుకు బయల్దేరదీసింది. బస్సులో పాప మధ్యలో కూర్చుంది. మా ముగ్గురిలో ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు. నేను మాత్రం నోరు మూసుకుని కూర్చోలేక, కిటికీలోంచి కనిపించిన ప్రతి టమాటా తోట గురించీ ఏదో ఒకటి చెబుతూ పోయాను.

డాక్టరమ్మ పాత కాయితాలు చూసి, పాపను అదే ప్రశ్న అడిగింది, పొద్దున పూట చేతులు ఎగురుతున్నాయా అని. పాప నా వైపు చూడలేదు. "లేదు మేడం" అంది, చాలా గట్టిగా. డాక్టరమ్మ సంతోషపడి, సరే, ఇదే మోతాదు కొనసాగిద్దాం అని పెన్ను తీసింది.

నా కూతురు కుర్చీ పాప వైపు తిప్పుకుంది. దాని గొంతులో కోపం లేదు.

"పాపా, నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తే నేను రైలెక్కి పనికి పోతానే ఉంటాను. దాచిపెట్టినావంటేనే మానేస్తాను. నీకు ఏమయ్యేది నాకు తెలిస్తే నేను యాడున్నా బతకగలను. తెలియకపోతే నీ పక్కన కూర్చుని కాపలా కాయాల్సిందే కదా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. బయట ఎవరిదో బిడ్డ ఏడుస్తోంది. పాప వాళ్లమ్మ మొహం చూసింది, అబద్ధమేమోనని వెతుకుతున్నట్టు. నా కూతురు చూపు తిప్పుకోలేదు.

పాప మొదట తొడల కింద నుంచి చేతులు బయటికి తీసి బల్ల మీద పెట్టింది. "ఈ పొద్దు గూడా వచ్చింది మేడం" అంది. ఇంకా, అంది డాక్టరమ్మ. నిన్న ఎక్కువ వచ్చిందని చెప్పింది. పళ్లు తోముకునేటప్పుడు వస్తుందని, బళ్లో మొదటి పీరియడ్‌లో పెన్ను జారుతుందని, అది కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకుంటుందని, ఒక రోజు మెట్ల మీద పడబోయిందని చెప్పింది. ఆ పిల్ల ఒక్క గుక్కలో అన్ని మాటలు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. డాక్టరమ్మ అన్నీ రాసుకుంటూ పోయింది. జబ్బు తగ్గలేదని ఒక్కొక్కటే తెలుస్తుంటే నా కూతురి మొహం మాత్రం తేటపడుతూ వచ్చింది. చెబుతుండగానే బల్ల మీద పాప చేతులు ఒకసారి ఎగిరినాయి. పాప వాటిని అక్కడే ఉంచింది.